ఇంట్లో తూచుకున్న ఇరవై కిలోలు

బేస్ క్యాంపుకు ఉదయం ఎనిమిదింటికి చేరాం. అరవైల మొదట్లో మాట. ఎండ ఉంది, గాలి మాత్రం చెవులు కోస్తోంది. కొండ మీది పోస్టుకు రెండు రోజుల నడక. మనిషికి ఇరవై కిలోల సొంత సామాను, మించితే తీసి పారేస్తామని ఆర్డరు. హవల్దారు నా మూటను కాటాకు తగిలించాడు. ముల్లు సరిగ్గా ఇరవై దగ్గర ఆగింది.

"ఇంట్లోనే తూచుకొచ్చావా?"

"అవును సాబ్," అన్నాను, గర్వంగానే.

కృష్ణపట్నం దగ్గర మా పల్లెలో, సెలవు ఆఖరి రోజున, చేపలు తూచే కాటాను దూలానికి వేలాడదీశాను. కిలో రాళ్లు ఊళ్లోకి అప్పుడప్పుడే వచ్చాయి. కంబళి, కోటు, రెండో జత బూట్లు వేస్తూ పోయాను. చివర్లో కిలో ఎండుచేపలు పెట్టాను. పావుకిలో ఎక్కువైంది. మూడో జత ఉన్ని మేజోళ్లు తీసేశాను. కాటా సరిపోయింది.

"చేపలు తగ్గించు మామా. కాళ్లకు లేకుండా ఎట్టా?" అంది మా ఆవిడ.

"రెండు జతలు చాల్లే. ఎండుచేప లేకపోతే నాకు ముద్ద దిగదు."

మా వైర్‌లెస్ ఆపరేటరు సూళ్లూరుపేటవాడు. వీపున సెట్టు, బ్యాటరీ మోయాలి కాబట్టి వాడి సొంత సామానుకు పది కిలోలే ఇచ్చారు. అది నడుముకు కట్టుకున్న సంచీలో ఉంది. మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి వాగు దాటుతూ జారాడు. సెట్టు తడవనివ్వలేదు. నడుం దాకా వాడు తడిశాడు, సంచీ తడిసింది. మిగతావాళ్లు ముందే వెళ్లిపోయారు. వెనక ఉన్నది మేం ముగ్గురమే.

"అన్నా, పొడి మేజోళ్లు ఉండాయా?"

నా రెండు జతల్లో ఒకటి పొద్దుటి బురదమంచులోనే తడిసింది, హవల్దారుదీ అంతే. కాళ్లకున్నవి విప్పబోతే హవల్దారు ఒప్పుకోలేదు.

"ఇద్దరు కుంటివాళ్లను నేను మోయలేను," అన్నాడు.

వాడు తడివే పిండి తొడుక్కున్నాడు. సాయంత్రం దారిలోనే వేసుకున్న మా ముగ్గురి గుడారంలో ఎండుచేప కాల్చి ఇచ్చాను.

"ఊరికి పోయొచ్చినట్టుండాది అన్నా!"

కాలివేళ్లకు స్పర్శ లేదని మాత్రం ఏడింటికి తెల్లారేదాకా వాడు చెప్పలేదు. చూస్తే తెల్లగా గట్టిపడి ఉన్నాయి. హవల్దారు సెట్టు తను తీసుకుని, పైనుంచి దిగొస్తున్న ఓ కొండ కూలీతో వాణ్ణి కిందికి పంపేశాడు. పది రోజులకు సెట్టులో కబురొచ్చింది: "ఆపరేటరు క్షేమం. మూడు వేళ్లు తీసేశారు. ఓవర్."

ఏడాదికి గూడూరులో రైలు దిగాను. ఊళ్లో అందరూ మంచు గురించి, తుపాకుల గురించి అడుగుతారు. చెబుతాను. పావుకిలో సంగతి చెప్పడానికి సిగ్గు. కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తుంది. కొండ కూలీ వాణ్ణి వీపున కట్టుకుని దిగుతున్నాడు. వాడి కాళ్లకు గోనెలు చుట్టారు. వాడు కూలీ చెవి దగ్గరికి వంగి అడుగుతున్నాడు.

"బరువుగా ఉండానా అన్నా?"

కూలీకి తెలుగు రాదు. తల వంచుకుని దిగుతూనే ఉన్నాడు.