ఇస్త్రీ రెక్కల మీద రంగు

మా మావయ్యకు రోత ఎక్కువ. టీ మీద తెట్టు కడితే గ్లాసు పక్కన పెట్టేసేవాడు. బస్సులో పక్కవాడు గోళ్ళు కొరుకుతుంటే దిగిపోయి వెనక బస్సు ఎక్కేవాడు. ఆయన పనిచేసే కార్లషెడ్డులో తోటివాళ్ళు ఆయనకు 'ఛీఛీ' అని పేరు పెట్టారు. "ఛీఛీ వచ్చాడా? ఛీఛీ భోంచేశాడా?" అని అడిగేవాళ్ళు. ఆయన పలికేవాడు కూడా.

అంత రోత ఉన్న మనిషి బతుకుతెరువు మాత్రం గుద్దుకున్న కార్లకు రంగు వెయ్యడం. తుప్పు గీకి, సొట్టలో లప్పం కూరి, అరగదీసి, పైన తళతళలాడే రంగు కొట్టి పంపించాలి. చాలా కార్లు అక్కణ్నించి నేరుగా అమ్మకానికే వెళ్ళేవి. "లప్పం కింద ఏముందో నాకు తెలుసు, కొనుక్కునేవాడికి తెలీదు. తెలియకుండా చెయ్యడానికే నన్ను పెట్టుకున్నారు. ఛీ!" అనేవాడు అమ్మతో. అంటూనే మళ్ళీ పొద్దున్నే పనికి వెళ్ళేవాడు.

ఆదివారం మాత్రం ఆయన వేరే మనిషి. ఊరి బయట, గోదాముల వెనక, చదునుగా ఉన్న బీడులో కొంత మేర సిమెంటు వేసి ఉండేది. అక్కడ కొందరు చేరి రిమోటుతో నడిచే చిన్న విమానాలు ఎగరేసేవాళ్ళు. మావయ్య తన విమానాలు తనే కట్టుకునేవాడు. గుప్పెట్లో పట్టుకుంటే బరువే తెలియని బాల్సా చెక్కను కోసి, పక్కటెముకల్లా వరసగా అతికించి రెక్కలు చేసేవాడు. ఆ ఎముకల గూడు మీద చర్మం లాంటిది ఒకటి కప్పాలి కదా. అందుకు అందరూ వాడేది ఒక పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్. దాని అడుగున జిగురుంటుంది. ఇస్త్రీ పెట్టె పెట్టి రుద్దితే చెక్కకు అతుక్కుని, వేడికి ముడుచుకుని, డోలు తోలులా బిగుస్తుంది.

మావయ్యకు ఆ మెరుపు చూస్తే ఒళ్ళు మండేది. "చాక్లెట్టు కాగితం చుట్టినట్టుంది. పాతకాలం విమానానికి గుడ్డ కప్పేవాళ్ళు. గుడ్డ ఇలా పళ్ళికిలిస్తుందా?" అనేవాడు. అందుకని ఫిల్మ్ మీద రంగు వెయ్యాలని పట్టుబట్టాడు. ప్లాస్టిక్ మీద రంగు నిలవదని అక్కడున్నవాళ్ళందరూ చెప్పారు, వాళ్ళు చెప్పింది నిజమే. మొదటిసారి వేసింది ఎండదెబ్బకు ఊడిన చర్మంలా పొరలు పొరలుగా లేచిపోయింది. రెండోసారి వేసిందాన్ని ఇంజను మసి, ఆ బుల్లి ఇంజన్లకు పోసే ఆముదం కలిసిన ఇంధనం తినేశాయి. విమానం పొట్ట కింద రంగు జిడ్డు ముద్దయి వేలికి అంటింది. మావయ్య ఆ వేలిని సబ్బుతో తోముకుని, వాసన చూసుకుని, మళ్ళీ తోముకున్నాడు.

అయినా వదల్లేదు. పనికిరాని ఫిల్మ్ ముక్కల మీద వేసి, గోకి, పారేసి, చివరికి ఒక పద్ధతి పట్టాడు. వాటర్ పేపరనే సన్నటి గరుకు కాగితం తడిపి, మెరుపు చచ్చేదాకా, ఫిల్మ్ తెగకుండా రుద్దాలి. ఎముకల అంచుల మీద చెయ్యి ఇంకా తేలిగ్గా ఆడాలి. స్పిరిటుతో తుడిచాక వేలు తగలనివ్వకూడదు. ఊపిరి విడిచినట్టు పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత, ఆఖర్న ఇంధనానికి కరగని పైపూత. అంతా అయ్యాక చూస్తే అచ్చం పాతకాలం విమానం గుడ్డలా, మెరుపు లేకుండా, గంభీరంగా ఉండేది. ఆ ఒక్క పనిని మాత్రం మావయ్య ఎప్పుడూ ఛీ అనలేదు.

ఆ రోజుల్లో మా నాన్న మంచం దిగేవాడు కాదు. గోదాములో నిచ్చెన మీంచి పడి కాలు విరిగింది. కాలు అతుక్కుంది గానీ మనిషి లేవలేదు. మాసిన బనీనుతో పడుకుని, టీవీ చూస్తూ, వచ్చినవాళ్ళకు కాలు చూపిస్తూ ఉండేవాడు. ఒక ఆదివారం మావయ్య ఆయన్ని బలవంతంగా లేపి బీడుకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక నాన్న భోజనం దగ్గర ఆపకుండా మాట్లాడాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో మొహం తుడుచుకుంది.

నాన్న కూడా ఒక విమానం తెచ్చుకున్నాడు. కట్టింది కాదు, డబ్బాలో వచ్చింది. రెక్కలు తగిలిస్తే చాలు. ఎర్ర ఫిల్మ్ మీద పసుపు నక్షత్రాలు, పక్కన కంపెనీ పేరు. మావయ్య దాన్ని చూసి మొహం చిట్లించాడు. అయినా షెడ్డు పని అయ్యాక సాయంత్రాలు, బీడులో ఎవరూ లేనప్పుడు, ఎగరెయ్యడం నేర్పించాడు.

బీడులో ఎగరేసేవాళ్ళకు ఒక క్లబ్బు ఉండేది, అది ఏటా ఒక పోటీ పెట్టేది. అందులో స్వయంగా కట్టిన విమానాలకు ఒక కప్పు. ఎవరూ అడక్కుండానే నాన్న తన పేరు ఇచ్చేశాడు. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మ మావయ్యను పిలిపించింది. వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి అడిగింది.

"దానికి నీ పద్ధతిలో రంగు వేసిపెట్టరా."

"అక్కా, అది బావ కట్టింది కాదు."

"తెలుసు."

"నక్షత్రాలు కనపడకుండా రంగేసి, నేనే కట్టానని తీసుకెళ్తాడు. అందుకేగా?"

"అందుకే. ఆయన పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడురా. ఇప్పుడు పేరు వెనక్కి తీసుకోమంటే మళ్ళీ మంచమెక్కేస్తాడు."

"నావల్ల కాదక్కా. రోత."

అమ్మ పొయ్యి కట్టేసి ఆయన వైపు తిరిగింది. "రోజూ షెడ్డులో ఊరివాళ్ళందరి కార్లకూ చేసేది ఏంటి మరి? మా ఇంటికొచ్చేసరికి రోతా?"

మావయ్య మొహం కందిపోయింది. ఆ మాట అనగానే అమ్మ నాలిక కరుచుకుంది గానీ, వెనక్కి తీసుకోలేదు.

చివరికి ఒప్పుకుని, ఎవరికీ చెప్పనని కూడా అమ్మకు మాటిచ్చాడు. మా వెనక వసారాలో పని మొదలైంది. థిన్నరు వాసన ఇల్లంతా కమ్మి అన్నంలో కూడా తగిలేది. మావయ్య వంగి రుద్దుతుంటే నాన్న కుర్చీ వేసుకుని కాళ్ళు చాపుకుని సలహాలిచ్చేవాడు. "ఆ మూల సరిగా రాలేదు. ఇంకొంచెం పట్టించు." మావయ్య ముందు వెండిరంగు పూత వేసి నక్షత్రాలను కప్పేశాడు. తర్వాత ముదురాకుపచ్చ. సన్నటి కాగితం పట్టీలు ఎముకల మీదుగా అతికించి, గుడ్డ కుట్టినట్టు కుట్లు కూడా వేశాడు. చేస్తున్నంతసేపూ, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తుతున్నవాడిలా మొహం పక్కకు పెట్టుకున్నాడు. పని మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. పని చెడ్డగా చెయ్యడం ఆయనకు రాదు, అదే ఆయన ఖర్మ.

అప్పగించేటప్పుడు ఒక్కటే చెప్పాడు. "బావా, దీన్ని ఎండలో పెట్టకు. ఫిల్మ్ వదులై ముడత పడితే నన్ను పిలు. నువ్వు మాత్రం ఇస్త్రీ పెట్టె దగ్గరికి తేవద్దు. రంగు పొంగిపోతుంది."

"నాకు తెలీదా?" అన్నాడు నాన్న.

కప్పు నాన్నకే వచ్చింది. గుబురు మీసాల అధ్యక్షుడు రెక్క మీద వేలు పెట్టి, "గుడ్డేనాండీ? ఎంత ఓపికండీ మీకు!" అన్నాడు. నాన్న తల వంచి నవ్వాడు. నెలల తరబడి నిద్రపోలేదని చెప్పాడు. ఆ నెలల్లో ఆయన గురక గోడ అవతలికి వినపడేది. నేను మావయ్య కోసం చూశాను. దూరంగా గడ్డిలో ఉమ్మేసి కాలితో మట్టి కప్పుతున్నాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాం. కప్పు ముందుగదిలోకి వచ్చింది, దాని పక్కనే కిటికీ అరుగు మీదికి విమానమూ వచ్చింది. ఎవరొచ్చినా నాన్న కథ మొదలెట్టేవాడు. వచ్చినవాడు మారినప్పుడల్లా కథ పెరిగేది. చెక్కపొడి కంట్లో పడి ఎలా బాధపడ్డాడో, గుడ్డ లాగుతుంటే ఎలా చినిగిందో చెప్పేవాడు. కొన్నాళ్ళకు బొటనవేలి మీద గాటు కూడా చూపించడం మొదలెట్టాడు, బ్లేడు దిగిందని. అది ఊరగాయ సీసా మూతతో తెగిన గాటు. కట్టు కట్టింది నేనే. ఆ వేలు ఆయన గాల్లో పైకెత్తినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మావయ్య ఎదురుగా ఉన్నా ఆపేవాడు కాదు. పైగా, "అడగండి, వీడూ చూశాడు" అనేవాడు. మావయ్య మా ఇంట్లో భోజనం మానేశాడు. వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయేవాడు.

వేసవిలో క్లబ్బువాళ్ళు పెద్ద ప్రదర్శన పెట్టారు. కప్పు గెలిచిన విమానం తెమ్మన్నారు. తీరా చూస్తే కిటికీ ఎండకు ఫిల్మ్ వదులై, రెక్కలు ముసలి చెంపల్లా ముడతలు పడ్డాయి. మావయ్యను పిలవమని నేనన్నాను. "నా విమానం నేను చూసుకోలేనా?" అన్నాడు నాన్న. ఆపాటికి అది తనే కట్టానని నిజంగా నమ్ముతున్నాడేమో. ఇస్త్రీ పెట్టె తెచ్చి రెక్క మీద పెట్టాడు. బుస్సుమంది. రంగు బుడగలుగా లేచి, మాడిన పాలమీగడలా పెట్టె అడుక్కి అంటుకుపోయింది. నాన్న దాన్ని తన బనీనుతో తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టేశాడు.

మర్నాడు అమ్మ తన తెల్లకోటు ఇస్త్రీ చేసుకోబోయింది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పని చేసేది. కోటు వీపు మీద ఆకుపచ్చ జిగట చార. "ఇదేంటండీ?" అంది. "నాకేం తెలుసు? కరెంటు హెచ్చుతగ్గులేమో" అన్నాడు నాన్న, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ప్రదర్శనకు నాన్నతో నేనే వెళ్ళాను. అధ్యక్షుడు రెక్క చూసి, "అయ్యో, ఇదేమయిందండీ?" అని అడిగాడు. నాన్న గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాడు.

"కట్టడం నేను దివ్యంగా కట్టానండీ. రంగు మాత్రం మా బామ్మర్ది చేతిలో పెట్టాను. కార్లషెడ్డు మనిషి. వాడి చెయ్యి పడింది, చూస్తున్నారుగా."

పక్కనే మావయ్య తన విమానం ఫ్యాను బిగిస్తున్నాడు. ఆ మాటకు చెయ్యి ఆగింది. అధ్యక్షుడు ఆయనకు ఉపన్యాసం మొదలెట్టాడు, తెలియని పని నెత్తికెత్తుకోవద్దని. మావయ్య వింటూ నిలబడ్డాడు. అక్కకు ఇచ్చిన మాటకోసం అనుకుంటాను, అసలు సంగతి బయటపెట్టలేదు. నాన్న నావైపు చూసి కన్నుగీటాడు. ఆ కన్నుగీటు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒంటి మీద ఏదో పాకినట్టుంటుంది.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ వెళ్ళి ఇస్త్రీ పెట్టె అడుగు తిప్పి చూసింది. ఆ తర్వాతి ఆదివారం, ఎప్పుడూ రాని మనిషి, నాన్న వెనకే నాతోపాటు బీడుకు వచ్చింది. సంచిలోంచి ఇస్త్రీ పెట్టె తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టింది.

"దీని అడుగు చూడండి."

ఆయన తెల్లబోయి తిప్పి చూశాడు. "రంగండీ."

"మా తమ్ముడు ఇస్త్రీ పెట్టొద్దన్నాడు. ఈయన పెట్టారు." అని, నాన్న ముందు బల్ల మీదున్న విమానం దగ్గరికి వెళ్ళి, బుడగ అంచు గోటితో లేపి లాగింది. పొడుగ్గా ఆకుపచ్చ చీలిక ఊడొచ్చింది. కింద వెండిరంగు పొరలు కూడా దానితోనే వచ్చేశాయి. ఎర్రటి ఫిల్మ్ మీద పసుపు నక్షత్రం, దాని పక్కన కంపెనీ పేరులో సగం బయటపడ్డాయి.

"నక్షత్రాలు కంపెనీవాడివి. రంగు మా తమ్ముడిది. వెయ్యమన్నది నేను. ఈయన చేసింది కుర్చీలో కూర్చోవడం."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న మొహం పాలిపోయింది. అమ్మ ఇంకో చీలిక లాగబోయింది. మావయ్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చాలక్కా. ఊరుకో."

ఆ తర్వాత ఆయన గోదాము గోడ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. నేను నీళ్ళు తీసుకెళ్ళాను. పుక్కిలించి, మొహం కడుక్కుని అన్నాడు: "బావ మొహం అలా అయిపోతే నాకు హాయిగా అనిపించిందమ్మా. తీపి తిన్నంత హాయి. ఛీ, నేనూ ఏం మనిషిని!"

కప్పు మావయ్యే తీసుకెళ్ళి క్లబ్బులో ఇచ్చేసి వచ్చాడు. అధ్యక్షుడు ఆయన్ని ఉండమని బతిమాలాడు, ఫిల్మ్ మీద రంగు ఎలా వెయ్యాలో అందరికీ నేర్పమన్నాడు. మావయ్య నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఇటుకబట్టీల అవతల వేరే చదును వెతుక్కుని ఒక్కడే ఎగరేసుకునేవాడు. షెడ్డు పని మాత్రం మానలేదు. మానితే ఇల్లు గడవదు. కాకపోతే, లప్పం కింద ఏముందని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడం మొదలెట్టాడు. యజమానికి అది నచ్చలేదు. ఆయన్ని వెనక్కి, రంగు కలిపే గదిలోకి మార్చేశాడు.

అమ్మ భయపడ్డట్టే నాన్న మంచమెక్కాడు. ఈసారి అమ్మ బతిమాలలేదు. "పడుకోండి. లేచాక గిన్నెలు తోమండి" అని పనికి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళు గిన్నెలకు బూజు పట్టింది. తర్వాత తోమాడు. ఆ తర్వాత కార్లు నిలిపే చోట కాపలాకు చేరాడు. అక్కడెవరో వద్దనుకున్న గాజుతొట్టె తెచ్చి చేపలు వేశాడు.

మావయ్య మళ్ళీ మా ఇంటికి రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చిన రోజు ముందుగదిలో అడుగుపెట్టగానే ముక్కు మూసుకున్నాడు. తొట్టె గోడల నిండా నాచు. నీళ్ళు చిక్కటి గంజిలా ఉన్నాయి. వాటి మీద తినకుండా మిగిలిన మేత పొరలా తేలుతోంది. ఆ మురికిలో ఒక చేప నోరు తెరుచుకుని పైకొచ్చి, మళ్ళీ కిందికి పోయింది.

"ఏంటి బావా ఇది?"

"చేపలు" అన్నాడు నాన్న, ఆయన వైపు చూడకుండా.

మావయ్య వెళ్ళి కిటికీ తీశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, మొహం పక్కకు తిప్పుకుని, మోచేతి దాకా చెయ్యి ఆ జిగటలో పెట్టాడు. "ఛీ, ఛీ" అంటూనే నాచు పీచుతో గీకాడు. నాన్న బకెట్లు మోశాడు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ఇంకో గుప్పెడు బియ్యం ఎసట్లో వేసింది.

నీళ్ళు తేటపడ్డాక నాన్న వంగి గాజులోకి చూశాడు.

"ఆ మూల ఇంకా కొంచెం ఉండిపోయింది" అన్నాడు.

మావయ్య ఆయన వైపు ఒక చూపు చూసి, పీచు ఆయన చేతిలో పెట్టి, సబ్బు కోసం లోపలికి వెళ్ళాడు.