జ్వరమని చెప్పిన గడ్డ

సహోదరులారా, అక్కలారా, పదిమందిల చెప్పరాని మాట ఇయ్యాల చెప్తున్న, నా నోరు తెరిచిన దేవునికే మహిమ!

మా కరుణ పుట్టి నెలన్నర అయినంక నా ఎడమ రొమ్ముల గడ్డ లేచింది, ఎర్రగ కమిలి, రవికె తగిలినా ప్రాణం పోయేటంత సలుపు, ఒళ్లు కాలిపోయే జ్వరం. పాలు విషమైనయని మా అత్త పిల్లను తన ఊరు మందమర్రికి ఎత్తుకపోయి మేకపాలు పట్టింది. ప్రేమతోనే తీస్కపోయింది, తప్పు పట్టను. కానీ అయ్యో, ఆ ఎడబాటు! పక్క క్వార్టర్ల పసిపిల్ల ఏడిస్తే నా రవికె తడిసేది, బరువుకు ఓర్వలేక కుడి దిక్కు పాలు పిండి మోరిల పారబోస్తుంటి, కరుణ చిన్న అంగీని ఉతకబుద్ధి గాక వాసన చూస్కుంట కూసుంటుంటి.

మా ఆయన బొగ్గుబాయిల పైకప్పు కూలినా జంకనోడు, దవాఖానల మాత్రం రొమ్ము అనే మాట నోట రాక "ఇంటిదానికి జ్వరం" అని చెప్పి గోలీలు తెచ్చేటోడు. నన్ను రమ్మంటే నేను పోలే, మగ డాక్టరు ముందు రవికె ఎట్ల విప్పాలె? జ్వరం తగ్గేది, గడ్డ పెరిగేది. అది పుట్టకురుపే, క్యాన్సరేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్న. "ప్రభువా, ఎవరికీ చూపకుండనే కరిగించు, నా బిడ్డను నా ఒడిల పెట్టు" అని మోకాళ్ల మీద మూడు వారాలు ఏడ్చిన, కరగలే! ఆఖరికి ప్రార్థన మార్చిన: "ప్రభువా, గడ్డ సంగతి నీ చిత్తం, నాకు నోరియ్యి."

తెల్లారి నేనే పోయి చెప్పిన, "సారూ, ఒట్టి జ్వరం గాదు, రొమ్ముల గడ్డ." డాక్టరుసాబు సూది పెట్టి గుంజితే చీము! కోసి చీమంత తీసి, సూదిమందులిచ్చి, ఇన్నాళ్లు తగ్గని గడ్డను ఊరికె వదలొద్దని చిన్న ముక్క పట్నం పరీక్షకు పంపిండు. "పాలు విషం గాదమ్మా, పిల్లకు మంచిగున్న కుడిదిక్కు పట్టొచ్చు" అంటే అక్కడనే బోరున ఏడ్చిన. పుట్టకురుపు గాదని జవాబు కూడ వచ్చింది, దేవునికి స్తోత్రం!

గాయం మానుడుతోనే మందమర్రికి రైలెక్కిన. కరుణ నన్ను గుర్తుపట్టలే, రొమ్మిస్తే మొఖం తిప్పుకున్నది, రెండు దినాలు తల్లీబిడ్డలం ఏడ్చినం. మూడోనాడు పొద్దుగాల గట్టిగ పట్టుకున్నది, గుటకలేసే చప్పుడు విన్న, హల్లెలూయ!

అన్నలారా, ఇంటామెకు ఏమైందో అదే చెప్పున్రి. అక్కలారా, ప్రభువును నమ్మున్రి, ఆయన సిగ్గుపడేటోళ్లను తోసెయ్యడు. మీల ఎవరికన్న కొంగుచాటున గడ్డ ఉంటే కూటమైనంక నా దగ్గరికి రాన్రి. మీకు నోరు రాకుంటే మీ వెంట దవాఖానకొచ్చి నేనే చెప్త.