బాల్చీకీ మగ్గుకీ మాటల్లేవు

మా బాబాయ్‌కి ఉన్నది ఒక్కటే పిచ్చి. సామాన్లకి చుట్టరికాలు కలుపుతాడు. మనుషులకి కలిపేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి దిగేలోపు మేనమామని చేసేసేవాళ్ళని నేనూ చూశాను. బాబాయ్ మాత్రం చీపురుకీ కాళ్ళు తుడుచుకునే పట్టాకీ వావీ వరసా తేలేదాకా కుదురుగా కూర్చోడు.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు. ఆన్‌లైన్‌లో ఇంటి సామాన్లు అమ్మే కంపెనీ గోడౌన్‌లో ఆయన స్టాకు ఇన్‌చార్జి. ఏ వస్తువు ఏ ర్యాకులో ఉండాలో తేల్చేది ఆయనే. నేను ప్యాకింగ్ టేబుళ్ళు చూసుకునేదాన్ని. అక్కడ అందరికీ ఆయన బాబాయే. మా డాక్టరు నాకు బీపీ ఉందని, ఉలిక్కిపడే పరిస్థితులకి దూరంగా ఉండమని చెప్పాడు. ఆయన మా గోడౌన్ ఎప్పుడూ చూడలేదు.

చేరిన కొత్తలో ఒక ఆర్డరు వచ్చింది. బాల్చీ ఒకటి, మగ్గు ఒకటి. బాల్చీ వచ్చింది గానీ మగ్గు రాలేదు.

"బాబాయ్, మగ్గులెక్కడ?"

"నాలుగో వరసలో."

"నిన్న బాల్చీల పక్కనే ఉన్నాయిగా?"

"నిన్న ఉన్నాయి. ఇవాళ మాటల్లేవు."

"ఎవరికి?"

"బాల్చీకీ మగ్గుకీ." గొంతు తగ్గించి చుట్టూ చూశాడు. "తిరిగేదంతా నేను, కూర్చునేది అది అని మగ్గు అలిగింది. కొన్నాళ్ళు దూరంగా ఉంటే మంచిదని నేనే పంపించా."

ఈయనకి ఉద్యోగం ఇచ్చిందెవరా అనుకున్నాను. కంప్యూటర్‌లో చూస్తే మగ్గులు నాలుగో వరస, నడుమెత్తు ర్యాకు అని శుభ్రంగా ఎక్కించి ఉంది. అదే ఆయన గొప్ప. ఎవరితో ఎవరు అలిగినా, ఎవరు ఎక్కడికి కాపురం మారినా, సరుకు లెక్క మాత్రం ఒక్కటి కూడా తప్పదు. అందుకే ఆఫీసువాళ్ళు ఆయన జోలికి రారు.

ఆ తర్వాత ఉలిక్కిపడటం నా ఉద్యోగంలో భాగమైపోయింది. కుక్కర్లూ వాటి మూతలకి వేసే రబ్బర్లూ తల్లీ పిల్లలని, విడదీస్తే పాపమని ఊదరగొట్టిన మనిషి, ఓ పొద్దున రబ్బర్లన్నీ ట్రాలీలో వేసుకుని నాలుగో వరసకి తోసుకుపోతున్నాడు.

"అయ్యో, విడదీస్తే పాపమన్నారుగా?"

"ఎన్నాళ్ళని తల్లి కొంగు పట్టుకుని తిరుగుతాయి అమ్మాయ్? బళ్ళో వెయ్యాల్సిన వయసొచ్చింది."

కొన్నవాళ్ళు వాపసు పంపిన వస్తువులంటే ఇంకా ఘోరం. అవి ఆయన దృష్టిలో అత్తారింట్లో ఇమడలేక పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. ఒకసారి మూల సొట్టపడిన ఇస్త్రీ పెట్టె వచ్చింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, సొట్ట నిమిరి, "ఏం చేశారే నిన్ను" అన్నాడు. పార్సిలు తెచ్చిన డ్రైవరు నా వంక చూశాడు. సంతకం పెట్టించుకోవడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. కుర్రాడే, మాట మెత్తన. గోడౌనంతా తిరిగి, కంప్యూటర్ ముందు కూర్చుని, చివరికి బాబాయ్‌ని పిలిచాడు. నేనూ వెళ్ళాను, చోద్యం చూడ్డానికి.

"ఎక్కువ అమ్ముడుపోయే సరుకు ప్యాకింగ్ టేబుళ్ళకి దగ్గర్లో ఉండాలండీ. అంటే మొదటి వరసలో. ఫోన్ కవర్లు అంత దూరంగా నాలుగో వరసలో ఎందుకున్నాయి?"

"వాటి మేనత్త అక్కడుంది బాబూ."

ఇంజనీరు నా వైపు తిరిగాడు. నేను చప్పున కిటికీలోంచి బయటికి చూశాను.

"మేనత్త ఎవరండీ?"

"టార్చిలైటు. తల్లి లేని పిల్లల్ని అదే సాకుతోంది."

ఇంజనీరు పాపం నవ్వలేదు, కోప్పడలేదు. "మేనత్తని కూడా మొదటి వరసకి తీసుకొచ్చేద్దాం లెండి" అన్నాడు. సాయంత్రానికల్లా ఫోన్ కవర్లు, ఛార్జర్లు, మగ్గులు, రబ్బర్లు అన్నీ మొదటి వరసకి వచ్చేశాయి. మొదటి వరసలో ఉండే కుక్కర్లు, ఇనప స్టూళ్ళు, చుట్టచుట్టిన పట్టాలు నాలుగో వరసకి వెళ్ళాయి.

బాబాయ్ మొహం పాలిపోయింది. మర్నాడు మధ్యాహ్నం డబ్బా విప్పి, చూసి, మళ్ళీ మూత పెట్టేశాడు. ఫోన్ కవర్ల కోసం అన్నం మానేసిన మనిషిని చూడటం నాకదే మొదలు. ఇక ఈయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందేనని తీర్మానించుకున్నాను. నా డాక్టరైతే ఫీజు బేరం కుదురుతుందని కూడా అనుకున్నాను.

నిజం చెప్పొద్దూ, ఇంజనీరు లెక్క మంచిదే. పార్సిళ్ళు మునుపటికన్నా తొందరగా నా టేబులు మీదికి వచ్చేవి. ఒక్క నాలుగో వరస నుంచే రావడం లేదు.

మా దగ్గర వరసకొకరు ఉంటారు. చేతిలో స్కానర్ ఏ వస్తువు చూపిస్తే అది తీసి, ట్రేలో వేసి, నాకు పంపాలి. ఎన్ని తీశారో ఆ స్కానరే లెక్కపెడుతుంది. తగ్గితే దాని దీపం ఎర్రబడుతుంది. నెలాఖరుకి కూడా ఎర్రగానే ఉంటే మళ్ళీ నెల పనిలోకి రానక్కర్లేదని చెప్పేస్తారు. నాలుగో వరసలో పనిచేసేది మా అక్క. అక్క అంటే ఆమె కూడా అందరికీ అక్కే. నవ్వు మొహం, ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కర్తే. ఇన్నాళ్ళూ అందరికన్నా ముందుండే ఆమె స్కానర్ ఇప్పుడు పొద్దస్తమానం ఎర్రగా వెలుగుతోంది.

ఏమైందో చూద్దామని వెళ్ళాను. అక్క కింది అరలోంచి కుక్కరు తీయడానికి వంగింది. వంగింది గానీ లేవలేకపోయింది. ర్యాకు కడ్డీ పట్టుకుని, పళ్ళు బిగించి, ఒక్క కాలి మీద బరువంతా వేసి లేచింది. నన్ను చూసి నవ్వింది.

"ఏం లేదు, తిమ్మిరి" అంది.

అది తిమ్మిరి కాదు, మోకాలి నొప్పి. మొదటి వరసవైపు చూశాను. అక్కడ పనిచేసే పహిల్వాన్, ఇన్నాళ్ళూ రెండేసి కుక్కర్లు చంకన పెట్టుకుని తిరిగినవాడు, ఇప్పుడు రెండు వేళ్ళతో ఫోన్ కవరు పట్టుకుని ఆవలిస్తున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. అలిగిన మగ్గు ఎక్కడికి వెళ్ళింది? నాలుగో వరసకి. రబ్బర్లకి బడి ఎక్కడ దొరికింది? నాలుగో వరసలో. గోడౌన్‌లో తేలికపాటి సరుకంతా, చకచకా అమ్ముడుపోయే సరుకంతా, వంగక్కర్లేకుండా నడుమెత్తులో, ఈ అక్క చేతికందేలా చేరింది.

తిన్నగా బాబాయ్ దగ్గరికి వెళ్ళాను.

"అక్క మోకాలి సంగతి మీకెప్పటినుంచి తెలుసు?"

ఆయన ఉలిక్కిపడి తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లిగా అమ్మాయ్. మెట్ల మీంచి పడ్డప్పటినుంచి. పైవాళ్ళకి తెలిస్తే తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు ఆవిడ. సాయం చేస్తానంటే పడే మనిషి కాదు. మానేసి వెళ్ళిపోతుంది గానీ, నా మీద జాలిపడండి అనదు."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

కోపం వచ్చింది గానీ, కాదనలేకపోయాను. "అయితే ఈ చుట్టరికాలన్నీ నాటకమేనా?"

బాబాయ్ నిజంగా నొచ్చుకున్నాడు. "నాటకమేంటమ్మా? మగ్గు అలిగిన మాట నిజం. దాన్ని ఎటు పంపాలన్నదే నా ఇష్టం."

నెలాఖరు దగ్గర పడుతోంది. ఆయన చేతులు కట్టేశారు, నాకా ఊరుకోబుద్ధి కావడం లేదు. అక్క మోకాలి మాట ఎత్తకుండా ఇంజనీరుని ఎలా ఒప్పించాలో తెలియక, వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఫోన్ కవర్లు వెనక్కి పంపించాలండీ."

"ఎందుకండీ?"

ఏం చెప్పాలి? నోటికొచ్చింది అనేశాను. "మొదటి వరసలో వాటికి ఒంట్లో బాగుండటం లేదు."

నా చెవులు నేనే నమ్మలేకపోయాను. ఇంజనీరు నన్ను ఎగాదిగా చూశాడు. పిచ్చి అంటుకుందనుకుని ఉంటాడు. లేచి, నాలుగో వరస మొదట్లో వెళ్ళి నిలబడ్డాడు. అక్క వంగడం చూశాడు, కడ్డీ పట్టుకుని లేవడం చూశాడు. తల గోక్కుంటూ తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

మర్నాడు నేను పనిలోకి వచ్చేసరికి నా టేబుళ్ళు లేవు. నా ఉద్యోగమే పోయిందనుకున్నాను. తీరా చూస్తే అన్నీ నాలుగో వరస ముందు బారుగా వేసి ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"ఎక్కువ అమ్ముడుపోయే సరుకు టేబుళ్ళకి దగ్గర్లో ఉండాలని నా లెక్క. లెక్క మారదు." ఇంజనీరు చూపు కంప్యూటర్ మీంచి కదలలేదు. "టేబుళ్ళకే మొదటి వరస గాలి పడటం లేదని తెలిసింది. బాబాయ్ గారిని అడగండి, ఆయనకి తెలిసే ఉంటుంది."

సాయంత్రానికి ఫోన్ కవర్లు, ఛార్జర్లు, మేనత్తతో సహా నాలుగో వరసకి చేరుకున్నాయి. కుక్కర్లు పహిల్వాన్ దగ్గరికి వెళ్ళాయి, వాడు వాటిని కావలించుకున్నంత పని చేశాడు. వారం తిరక్కుండానే అక్క స్కానర్ పచ్చబడింది. మళ్ళీ నెల ఆమె పనిలోకి వచ్చింది. బాబాయ్ ఆ పూట నా డబ్బాలో కూర కూడా తినేశాడు.

ఇక్కడితో అయిపోయిందనే నేననుకున్నాను. కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం అక్క ట్రాలీ నిండా ఛార్జర్లు పేర్చుకుని బాబాయ్ బల్ల దగ్గరికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"బాబాయ్ గారూ, ఛార్జర్లకీ ఫోన్ కవర్లకీ పొసగడం లేదండీ. ఛార్జర్లని ఆరో వరసకి పంపించేయండి."

బాబాయ్ కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళలో తన ఎదుటే తన మాటని అందిపుచ్చుకున్న మనిషి ఈవిడే మొదలు. "అలాగా? నాకు తెలియనేలేదే. ఎప్పటినుంచి?"

"ఆరో వరస అమ్మాయికి నెలలు నిండుతున్నప్పటినుంచి."

బాబాయ్ నా వంక చూశాడు. నేను చెప్పలేదన్నట్టు రెండు చేతులూ ఊపాను. అక్క మొహంలో మాత్రం నవ్వు జాడ లేదు.

"మీరు చూస్తూ కూర్చుంటే ఎలాగండీ? కొట్టుకుంటున్నాయి పాపం" అని, ట్రాలీ ఆయన ముందుకి తోసి, తన వరసలోకి వెళ్ళిపోయింది.