కబ్ద్ తోటలో ఆగిపోయిన పట్టాభిషేకం

కువైట్‌లో వఫ్రా తోటలకు వెళ్ళొచ్చినా, ఫైలకా దీవికి వెళ్ళొచ్చినా ఆ వారంలోనే ఈ బ్లాగులో రాసేస్తూ వచ్చాను. కబ్ద్ ప్రయాణం జరిగి మాత్రం ఏడాది దాటింది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక పని గుర్తొచ్చి లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు అప్పటి కంపెనీ వదిలి వేరేదానికి మారాను, ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, ఇఖామా కూడా కొత్త కఫీల్, అంటే కొత్త యజమాని, పేరు మీదకి వచ్చింది. ఇక రాయకపోవడానికి సాకేమీ మిగల్లేదు.

అప్పుడు నేను అబ్బాసియాలో ఉంటూ, మంగఫ్‌లో లేబర్ క్యాంపు ఉన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో టైమ్‌కీపర్‌గా చేసేవాణ్ణి. మా సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఒబిన్నాది నైజీరియా. అక్కడి ఇగ్బో జనానికి చెందినవాడు. జనవరిలో ఒకరోజు నా టేబుల్ దగ్గరకొచ్చి, "రమణా భాయ్, వచ్చే శుక్రవారం మా పాపాకి కిరీటం పెడుతున్నాం. నువ్వు రావాలి. ఆయనే పిలవమన్నాడు" అన్నాడు. పాపా అంటే మా గోడౌన్ ఇన్‌చార్జి గాబ్రియేల్. అరవైకి దగ్గర పడిన మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా కువైట్‌లో ఉన్నాడు. వాళ్ళవాళ్ళలో ఎవరైనా పోతే శవాన్ని ఊరికి పంపించేదాకా, ఎవరైనా పోలీసు స్టేషన్లో చిక్కుకుంటే బయటికి తెచ్చేదాకా నిద్రపోయేవాడు కాదు. అలాంటి మనిషికి రాజు పేరు ఇస్తున్నారంటే చూడాలనిపించింది. సరేనన్నాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఒబిన్నా తన పాత కారులో అబ్బాసియా వచ్చాడు. బయల్దేరే ముందు తిన్న దోసె, టీ కలిపి ఇద్దరికీ దీనారున్నర లోపే అయింది. చలి బాగా ఉంది. ఏడో రింగ్ రోడ్డు పట్టుకుని పడమటికి వెళ్తే కబ్ద్‌కి అరగంట. బస్సులను నమ్ముకుని వెళ్ళే చోటు కాదు. టాక్సీ అయితే ఆరు నుంచి ఎనిమిది దీనార్లు అడుగుతారు, తిరిగి రావడానికి దొరకదు కూడా. దారి పొడుగునా ఒంటెల మందలు, శీతాకాలపు గుడారాలు, మేకల దొడ్లు.

"రాజంటే మీ దగ్గర తండ్రి తర్వాత కొడుకా?" అని దారిలో అడిగాను.

ఒబిన్నా నవ్వాడు. "అంత తేలికైతే మాకు కోర్టులెందుకు? పాతకాలంలో మా ఊళ్ళలో చాలావాటికి రాజే లేడు. అందరూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత ప్రభుత్వం ఊరికొక రాజుని గుర్తించి, సర్టిఫికెట్, చేతికర్ర ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ గొడవలే. ఈసారి ఏ వాడ వంతు, ఎవర్ని జనం ఎన్నుకున్నారు, ఎవరు పైవాళ్ళని పట్టుకుని కాగితం తెచ్చుకున్నారు... మా ఊళ్ళో ఇప్పుడు ఇద్దరు రాజులున్నారు. మా అమ్మ ఒకాయనకి మొక్కుతుంది, మా మేనమామ ఇంకొకాయనకి. అమ్మా మేనమామా మాట్లాడుకుని నాలుగేళ్ళయింది."

"మరి ఇక్కడ మీకు రాజెందుకు?"

"అదే గొడవ. సొంత గడ్డ దాటి ఎవరూ ఎజె అనిపించుకోకూడదని అక్కడి రాజులు గట్టిగా అంటున్నారు. ఎజె అంటే రాజు. బయట ఉన్నవాళ్ళు నాయకుడు అనుకోండి చాలంటారు. మావాళ్ళలో సగం మందికి ఎజె అనే పేరే కావాలి. పాపా అడగలేదు. కానీ వద్దని కూడా అనలేదు."

తోట ఒక కువైటీది. ఆ రోజుకి డెబ్బై దీనార్లకు అద్దెకి తీసుకున్నారు. గేటు దగ్గర కాపలా మనిషి నా మొహం చూడగానే తెలుగులో పలకరించాడు. పేరు మస్తాన్, రాయచోటి. నాది రాజంపేట అనేసరికి చేయి వదల్లేదు.

"ఏం అన్నా, ఈడ రాజుకు పట్టాభిషేకమంట గదా? నిజంగా రాజేనా?"

"వాళ్ళవాళ్ళకి రాజు" అన్నాను.

"మంచిదేలే. మా అర్బాబ్, ఈ తోట ఓనరు, ఒకటే చెప్పినాడు. డప్పులు గోడ దాటి ఇనపడగూడదు, రోడ్డు మీద ఊరేగింపు చేయగూడదు. చేస్తే ఖలాస్, నా పని పోతాది. నువ్వు గూడా కాస్త చెప్పన్నా వాళ్ళకి."

లోపల అరవై మంది దాకా ఉన్నారు. ఖర్జూరపు చెట్ల కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక పక్క అదా అనే ఆవిడ పెద్ద గిన్నెల్లో ఎర్రటి జోలోఫ్ అన్నం, మేకమాంసం పులుసు వండుతోంది. ఇంకో ఇద్దరు ఉడికిన పెండలాన్ని రోట్లో దంచుతున్నారు. అచ్చం మన సంగటి ముద్దలా వస్తోంది. "మీకు చేత్తో తినడం నేర్పనక్కర్లేదుగా" అని నవ్వి, పులుసు రుచి చూడమని గరిటెతో నా అరచేతిలో పోసింది. కారం మనకి సరిపోతుంది.

పాపా తెల్లటి పొడుగు చొక్కా వేసుకుని, మెడలో పగడాల దండతో వచ్చాడు. గోడౌన్లో నీలం కోటులో చూసిన మనిషేనా అనిపించింది. నన్ను చూసి రెండు చేతులతో నా చేయి పట్టుకుని, ముందు వరసలో కూర్చోబెట్టాడు. జుమ్మా అజాన్ వినబడగానే డప్పులు ఆపించి, నమాజు అయ్యేదాకా ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. ఒంటిగంటకి అందరిలోకీ పెద్దాయన కోలా గింజలు చేతిలో పట్టుకుని వాళ్ళ భాషలో దీవించి, పగలగొట్టి పంచాడు. నమిలితే కటిక చేదు. బల్ల మీద పళ్ళెంలో ఎర్ర టోపీ పెట్టారు. దాని మీద ఒక గద్ద ఈక ఉంది.

టోపీ అందుకోబోయే ముందు మూడో వరసలోంచి ఒక మనిషి లేచాడు. పేరు కెలెచి, మా కంపెనీలోనే వెల్డర్. ముందు ఇగ్బోలో మాట్లాడి, మాలాంటి అతిథులు ఉన్నారని ఇంగ్లీషులోకి మారాడు.

"బయట ఎజె ఉండకూడదని మన పెద్దలు చెప్పారు. ఆ మాట పక్కన పెడతాను. ఉండాలనే అనుకుందాం. ఈయనే ఎందుకు? క్యాంపులో ఆ రోజు మమ్మల్ని ఎవరు అడిగారు?"

ఆ రోజంటే, అంతకు ముందు ఎండాకాలంలో ఒకరోజు. ఏసీలు చెడిపోయి, నీళ్ళు రాక, ఇగ్బో వాళ్ళు ముప్ఫై మంది కంపెనీ బస్సెక్కేది లేదని క్యాంపు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళ తరఫున పాపా ఒక్కడే మేనేజరు గదిలోకి వెళ్ళాడు. అరగంటకి బయటికొచ్చి, "అన్నీ బాగుచేస్తారు, రేపు బస్సెక్కండి" అన్నాడు. ఆయన చెప్పాడని ఎక్కారు. ఏసీలు బాగయ్యాయి. నెల తిరక్కముందే ముగ్గురి ఇఖామాలు రద్దుచేసి ఊరికి పంపేశారు. అందులో ఒకడు కెలెచి తమ్ముడు.

"నువ్వు లోపలికెళ్ళి మమ్మల్ని అమ్మేశావు" అన్నాడు కెలెచి. "నా తమ్ముడి పేరు నువ్వే చెప్పావు."

పాపా లేచి నిలబడ్డాడు. "నేను ఎవరి పేరూ చెప్పలేదు. కిందికెళ్ళి వాళ్ళని అడిగొస్తానన్నాను. మేనేజరు వెళ్ళనివ్వలేదు. ఇప్పుడే మాటివ్వకపోతే ముప్ఫై మంది ఇఖామాలూ రద్దన్నాడు. ఒక్కర్నీ పంపకూడదని మాట తీసుకునే ఒప్పుకున్నాను. అతను మాట తప్పాడు. నా తప్పు ఇంకొకటుంది. బయటికొచ్చాక, మిమ్మల్ని అడక్కుండా మీ పేరున మాటిచ్చానని చెప్పాల్సింది. మీరంతా నన్ను భుజాలకెత్తుకుంటుంటే చెప్పలేకపోయాను."

"ఇదంతా నిజమని ఎవరు చెప్పాలి?"

"ఆ గదిలో ఇంకో మనిషి ఉన్నాడు" అన్నాడు పాపా.

ఆ మనిషి నేనే. మేనేజరుకి అరబ్బీ తప్ప రాదు, పాపాకి అరబ్బీ అంతగా రాదు. మధ్యలో ప్రతి మాటా నా నోటి మీదుగానే వెళ్ళింది. ఒక్కర్నీ పంపనన్న మేనేజరు మాటని ఇంగ్లీషులో ఆయనకి చెప్పింది నేనే. ఆ ముగ్గురి పేర్లు మేనేజరు ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో కూడా నాకు తెలుసు. గేటు కెమెరా చూసి, ముందు మెట్టు మీద కూర్చున్న ముగ్గుర్నీ ఎంచుకున్నాడు.

"ఎవరా మనిషి? పేరు చెప్పు" అన్నాడు కెలెచి.

"చెప్పాలనుకుంటే ఆయనే చెప్పుకుంటాడు. నేను చెప్పకూడదు."

నా వైపు చూడకుండా ఉండడానికి ఆయన పడుతున్న కష్టం నాకు తెలుస్తూనే ఉంది. చుట్టూ పాతిక ఫోన్లు వీడియో తీస్తున్నాయి. నా ఇఖామా రెన్యువల్ కాగితాలు ఆ వారమే అదే మేనేజరు సంతకానికి వెళ్ళాయి. ఈ వీడియో సాయంత్రానికల్లా క్యాంపంతా తిరుగుతుంది, రేపు ఆఫీసుకి చేరుతుంది. లేవాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మోకాళ్ళ మీద చేతులు ఆనించాను కూడా. ఆ తర్వాత నేను చేసిన పనల్లా ఫోను తీసి, ఎవరో పిలుస్తున్నట్టు దాని వైపు చూడడం.

పాపా పళ్ళెంలోంచి టోపీ తీసి, కోలా పంచిన పెద్దాయన చేతిలో పెట్టాడు. "ముందు అన్నం తినండి. అదా పొద్దుట్నుంచి నిలబడే ఉంది" అన్నాడు. కొందరు తినకుండానే కార్లెక్కారు. నేను తిన్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వెళ్ళేటప్పుడు మస్తాన్ గేటు తీస్తూ, "ఏమన్నా, రాజు కాలేదా?" అని అడిగాడు. కాలేదన్నాను. "పాపం, పొద్దున నాకు గూడా టీ దెచ్చిచ్చినాడు" అన్నాడు.

నాలుగింటికి బయల్దేరాం. ఏడో రింగ్ రోడ్డు ఎక్కాక ఒబిన్నాకి చెప్పేశాను. అతను కారు పెట్రోలు బంకులోకి తిప్పి ఆపాడు.

"అక్కడ అరవై మంది ఉన్నారు భాయ్. ఇక్కడ నేనొక్కణ్ణే. ఇక్కడ చెప్తే నేనేం చేసుకోను?"

అబ్బాసియాలో నన్ను దింపి, వెళ్ళొస్తానన్నట్టు రోజూ అనే యల్లా కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతి శుక్రవారం మంగఫ్‌లో పాపా గదికి వెళ్ళాను. కెలెచికి చెప్పేస్తానన్నాను. ఆయన నాకు టీ పోసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడొద్దు. చెప్తే వాళ్ళంతా సిగ్గుపడి నాకు టోపీ తెస్తారు. అలాంటి టోపీ నాకొద్దు. కెలెచికి కోప్పడడానికి ఒక మనిషి కావాలి. మేనేజరు మీద కోప్పడితే వాడి ఉద్యోగం పోతుంది. నా మీదైతే ఏమీ పోదు."

"నా మీద కోపం లేదా పాపా?"

"ఉంది" అన్నాడు. "చాలా ఉంది. టీ తాగు, చల్లారిపోతుంది."

రెండు నెలలకి ఆయన ఇఖామా క్యాన్సిల్ చేయించుకుని శాశ్వతంగా ఊరికి వెళ్ళిపోయాడు. ఇక్కడి ఇగ్బో వాళ్ళు రెండు సంఘాలయ్యారు. రెండింటికీ అధ్యక్షులున్నారు, ఎజె ఎవరూ లేరు. ఈమధ్య వాళ్ళ మనిషొకడు గుండెపోటుతో పోతే, ఎంబసీకి ఎవరు వెళ్ళాలో తేల్చుకోలేక శవం మార్చురీలోనే పదకొండు రోజులుంది. చివరికి ఒబిన్నా సెలవు పెట్టి తిరిగాడు. కంపెనీ మారాక నేను కెలెచికి ఫోను చేసి అంతా చెప్పాను. "ఆయన నంబరుందా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గరున్నది కువైట్ నంబరు, ఎప్పుడో ఆగిపోయింది.

వాళ్ళకి రాజు ఉండాలా వద్దా అన్నది నాకు సంబంధం లేని విషయం. ఆ రోజు నన్ను ఎవరూ దాని గురించి అడగలేదు. ఒక మనిషి అబద్ధం చెప్తున్నాడా లేదా అన్నదొక్కటే అక్కడ తేలాల్సి ఉంది. అది తెలిసినవాణ్ణి ముందు వరసలోనే కూర్చున్నాను. భయం నిజమైనదే, ఇఖామా పోతే ఏమవుతుందో గల్ఫ్‌లో బతికేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అయినా నా కాగితాలు ఆ తర్వాతి వారం సంతకమై వచ్చినప్పుడు, వాటిని చేతిలోకి తీసుకోవడానికి మనసొప్పలేదు.

కబ్ద్‌లో ఇలాంటి విందుకు వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. శీతాకాలపు శుక్రవారాల్లో కార్యక్రమం జుమ్మా అయ్యాక మొదలై, మూడింటికల్లా అయిపోతుంది. జనం చీకటి పడకముందే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు, మళ్ళీ అందర్నీ ఒక్కచోట చూడలేరు. ఎవరికైనా చెప్పాల్సిన మాట ఉంటే, అందరూ కుర్చీల్లో ఉండగానే లేచి చెప్పేయండి.