సవతితల్లి లేని జర్మన్ కథ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, వానాకాలం. అమలాపురంలో ఎరువుల షాపు పైన ఉన్న ట్రైనింగ్ సెంటరులో నేను నర్సులకు జర్మన్ నేర్పుతున్నాను. ఒకప్పుడు మా కోనసీమలో పాస్‌పోర్టు అంటే గల్ఫుకే. ఇప్పుడు నర్సింగు చదివిన అమ్మాయిలు జర్మనీ ఆసుపత్రుల వైపు చూస్తున్నారు. దానికి బీ-వన్ అనే పరీక్ష గట్టెక్కాలి. రోజువారీ విషయాలు ఆ భాషలో సొంతంగా మాట్లాడగలగాలన్నమాట. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం వేటికవే విడి పరీక్షలు. వాటిని మాడ్యూళ్ళు అంటారు.

నాగవేణి స్పీకింగ్ మాడ్యూల్ రెండుసార్లు తప్పింది. మలికిపురం దగ్గర పల్లెటూరి పిల్ల. రాజమండ్రిలో ఐసీయూ నర్సుగా మంచి పేరు తెచ్చుకుంది. రాయడంలో క్లాసు మొత్తానికి ముందుండేది. ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. ఆమెను తీసుకుంటామన్న జర్మనీ ఆసుపత్రి ఇంకొక్క అవకాశం ఇచ్చింది. ఈసారీ పోతే ఆ ఉద్యోగం వేరొకరికి వెళ్ళిపోతుంది.

"జవాబులన్నీ నోటికొచ్చండి మేడం. ఆళ్ళు ఒక్క ప్రశ్న అటూఇటూ మార్చి అడిగేరంటే ఇంక అంతేనండి. ఒక్క ముక్కా గుర్తుకు రాదండి" అంది.

సెంటరు నడిపే ప్రసాదుగారు మంచివారే గాని, ఆయనకు తెలిసిన మందు ఒకటే. "ఇంకొన్ని మోడల్ ఆన్సర్లు బట్టీ పట్టించండి మేడంగారూ" అనేవారు.

ఒక మధ్యాహ్నం జోరున వాన. కరెంటు పోయింది. ఆడియో పాఠం పెట్టే వీలు లేదు. సరే, కథ చెబుతానని సులువైన జర్మన్‌లో మొదలుపెట్టాను. అక్కడి జనం తరతరాలుగా పిల్లలకు చెప్పుకునే కథ. కరువొస్తుంది. ఇంట్లో రొట్టె అయిపోతుంది. కట్టెలు కొట్టేవాడు, అతని రెండో పెళ్ళాం కలిసి పిల్లలిద్దర్నీ అడవిలో వదిలేసి వస్తారు. పిల్లలు ఒక మంత్రగత్తె చేతిలో పడతారు. అన్నను బాగా మేపి వండుకు తినాలని ఆమె ఆలోచన. చివరికి చెల్లెలే ఆ ముసలిదాన్ని మండే పొయ్యిలోకి తోసేస్తుంది.

అయ్యాక ఇంకో సంగతి కూడా చెప్పాను. ఈ కథ మొదట అచ్చయినప్పుడు పిల్లల్ని వదిలేద్దామన్నది కన్నతల్లే. తర్వాతి అచ్చుల్లో ఆమెను సవతితల్లిగా మార్చారు.

"వరూమ్?" అని వినిపించింది. ఎందుకు, అని. తలెత్తి చూస్తే నాగవేణి. అడగమనకుండా ఆమె జర్మన్‌లో వేసిన మొదటి ప్రశ్న అది.

కన్నతల్లి అలా చేసిందంటే చదివేవాళ్ళు తట్టుకోలేరని కాబోలు, అని జర్మన్‌లోనే చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. జర్మన్‌లోనే అందుకుంది.

"మార్చడం తప్పు. ఇంట్లో అన్నం లేదు. అమ్మ వెళ్ళింది కువైట్. నేను చిన్న. అమ్మ చెడ్డది కాదు. సవతి కాదు. అయినా నేను అడవిలోనే ఉన్నాను."

క్రియలన్నీ ఉండకూడని చోట్ల పడ్డాయి. నేను ఒక్కటీ దిద్దలేదు. మాట ఆగలేదు మరి!

వెళ్ళేటప్పుడు తెలుగులో అంది: "చిన్నప్పుడు అందరూ ఒకటే చెప్పేవోరండి, మీ అమ్మ నీ కోసమే వెళ్ళింది, ఏడవకూడదని. భయమేస్తుందని చెప్పుకోడానికి నాకో కథ కూడా లేదండి. ఈ జర్మనీ పిల్లలకుందండి."

మర్నాటి నుంచి రోజుకో కథ. ఏదీ మెత్తబరచలేదు. రాజకుమారుడు తెచ్చిన చెప్పులో పాదం పట్టడానికి ఒకామె కాలివేలు కోసుకునే చోట నర్సులందరూ జర్మన్‌లో నా మీద పడ్డారు. రక్తం ఎలా ఆపారు, కట్టు ఎవరు కట్టారు, చీము పట్టలేదా అని. అందరికన్నా గట్టిగా వినిపించింది నాగవేణి గొంతే.

ప్రసాదుగారికి ఇది మింగుడుపడలేదు. "వేళ్ళు కోసుకోడాలు, మనుషుల్ని పొయ్యిలో పెట్టడాలు ఏంటండీ? పరీక్షలో అడుగుతారా ఇవి?"

"అడగరండి. కానీ వీళ్ళు మాట్లాడుతున్నారు కదండీ."

"బ్యాచీ పోతే మాత్రం పూచీ మీదేనండి మరి."

"ఆయ్, నాదేనండి" అన్నాను. పైకి అన్నానే గాని, లోపల గుబులుగానే ఉంది.

పరీక్ష హైదరాబాదులో. నాగవేణికి వచ్చిన అంశం, చిన్నపిల్లలు టీవీ చూడాలా అని. బయటికి రాగానే ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. టీవీ గురించి మొదలుపెట్టి, పిల్లలకు భయపెట్టే కథలు కూడా కావాలంటూ మాట్లాడిందట. ఎగ్జామినర్ అనుకోని ప్రశ్న వేసింది: మీ పిల్లలకైతే అలాంటివి చెబుతారా? ఇదివరకైతే నాగవేణి అక్కడే ఆగిపోయేది.

"చెబుతానన్నానండి. పక్కన కూర్చుని చెబుతానన్నాను. ఆ అడవి కథలో పిల్లని ఎవరూ వచ్చి కాపాడలేదు, తనే మంత్రగత్తెని తోసింది, పిల్లలు వినాల్సింది అదేనన్నాను. ఆవిడ కలం పక్కన పెట్టి విన్నారండి మేడం!"

ఫలితాలొచ్చిన రోజు ఆమె కేకకు కింద షాపులో ఉన్నవాళ్ళు పైకి పరుగెత్తుకొచ్చారు. మాడ్యూల్ గట్టెక్కింది. అత్తెసరుగా కాదు, మంచి మార్కులతో. ఆ బ్యాచీలో పరీక్షకు వెళ్ళిన అందరూ స్పీకింగ్ దాటారు. ప్రసాదుగారు స్వయంగా నాకు కుర్చీ వేశారు.

సాయంత్రం వాళ్ళమ్మ కొబ్బరి లౌజు డబ్బా పట్టుకుని వచ్చింది. కువైట్ నుంచి తిరిగొచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. కాసేపు మొహమాటపడి అడిగింది: "మేడంగారండీ, పరీక్షలో నా గురించి కూడా చెప్పేనంటుందండి ఇది. నేను వదిలేసి వెళ్ళేనని చెప్పేసిందాండీ?"

నాగవేణే జవాబిచ్చింది. "చెప్పేనమ్మా. ఆ కథలో పిల్లలు ఇంటికొచ్చేసరికి తల్లి చచ్చిపోయుంటది. మా అమ్మ తిరిగొచ్చిందని కూడా చెప్పేను."

ఆవిడ డబ్బా మూత తీసి ఒక లౌజుండ కూతురి నోట్లో కుక్కింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపరే!

నాగవేణి ఇప్పుడు జర్మనీలో ఆ ఆసుపత్రి వార్డులో పనిచేస్తోంది. పిల్లల కథల్లో అంత చీకటి ఎందుకని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఆ చీకటి పిల్లలకు ముందే తెలుసు. తెలియనట్టు నటించేది పెద్దవాళ్ళం. ఉన్న భయాన్ని ఉన్నట్టు చెప్పి, దాన్ని దాటే బలం కూడా ఆ పిల్ల చేతుల్లోనే ఉందని చూపించిన కథ ఎన్ని తరాలైనా బతుకుతుంది. భాష కూడా అక్కడే పుడుతుందని నాకు నాగవేణి నేర్పింది. చెప్పి తీరాల్సిన మాట ఒకటి దొరికితే, వ్యాకరణం వెనకాలే పరుగెత్తుకొస్తుంది.