దొంగకి పెట్టిన గొంతు

మా నరసరావుపేటలో మక్బూల్ మామకి ఒక పాత ప్రొజెక్టరు ఉండేది. విజయవాడ నుంచి రీళ్లు అద్దెకి తెచ్చి మా బడిలో బొమ్మల సినిమాలు ఆడించేవాడు. ఎనభై నాలుగులో నేను ఆరో తరగతి. పట్టపగలే హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసేవాళ్లు. సినిమా ఇంగ్లీషులో ఉండేది, మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని మామ ఆ శబ్దం కట్టేసి, మైకు పట్టుకుని కథంతా తెలుగులో తనే చెప్పేవాడు. రాజుకొక గొంతు, పిల్లాడికొక గొంతు, ఏనుక్కొక గొంతు.

ఆ ఏడు తెచ్చిన సినిమాలో ఒక ఎడారి ఊరు, ఒక దొంగ. తలపాగా, బారెడు గడ్డం, వంకర కత్తి. ఆ ఊళ్లో గడ్డమున్న ప్రతివాడూ దొంగో, దొంగకి తమ్ముడో. ఆ బొమ్మలు గీసిన మహానుభావుడు ఒకసారి మా ఊరొచ్చి ఉంటే బాగుండేది. మా దగ్గర గడ్డాలవాళ్లు గడియారాలు బాగుచేస్తారు, పరుపులు కుడతారు, ఎవరింట పెళ్లైనా అందరికన్నా ముందొచ్చి ఆఖర్న పోతారు. ఇంత తెలివి నాకు అప్పుడెక్కడిది?

దొంగకి మామ పెట్టింది సాయిబుల తెలుగు. "ఏయ్ పోరగా, జర ఇటు రా! గోనెలో ఏసి తీస్కపోతా!" తనూ సాయిబే అయ్యుండి అలా ఎందుకు పెట్టాడంటే, పిల్లలు పడీపడీ నవ్వుతారని. హాలు దద్దరిల్లింది. సగంలో కరెంటు పోతే, మళ్లీ మొదట్నుంచీ వచ్చే శనివారం వేయిస్తానన్నారు హెడ్మాస్టరు చెన్నకేశవులు గారు.

మామ కూతురు అబిదాది నా బెంచీయే. దాని మాట అచ్చం నా మాటలాగే ఉండేది. వాళ్లమ్మ హజ్రా బీ మాత్రం హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన కోడలు. రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. మర్నాడు నన్ను చూసి, "శివపార్వతీ, జర అబిదాని పిలువు బేటీ" అంది. నేను నడుం మీద చెయ్యి వేసుకుని, దొంగ గొంతుతో, "దాన్ని గోనెలో ఏసినా!" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. పాపం, ఏదో ఆట అనుకుని అత్త కూడా నవ్వింది. అబిదా నవ్వలేదు.

ఆ తర్వాత అత్త గేటు దగ్గర కనిపించలేదు. అబిదా పొద్దున్నే క్యారియరు తనే తెచ్చుకుని చల్లారిన అన్నం తినేది. నాతో పలకడం మానేసింది. ఇంట్లో ఏం జరిగిందో చాలా ఏళ్లకి గాని నాకు చెప్పలేదు.

"అమ్మని బడికి రావొద్దన్నావంట, ఏందే?" అని మామ గట్టిగా అడిగాడట.

"నువ్వు దొంగకి పెట్టింది అమ్మ గొంతే గదా అబ్బాజాన్. అమ్మ నోరు తెరిస్తే అందరికీ వాడే గుర్తొస్తన్నాడు."

ఆ పూట మామ అన్నం ముట్టలేదట. పన్నెండేళ్లుగా ఇంట్లో ముద్దుగా వినే మాటని తీసుకుపోయి దొంగ నోట్లో పెట్టానని అప్పటిదాకా ఆయనకి తట్టనే లేదు.

శనివారం మళ్లీ దుప్పట్లు కట్టారు. దొంగ రాగానే నవ్వడానికి అందరం సిద్ధంగా ఉన్నాం. వాడు మా పేట తెలుగులో, మామ మామూలు గొంతుతో, "ఒరేయ్, యాడికి పోతావురా? ఆగు!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఏంది మక్బూలూ, ఇయ్యాల పస లేదేంది?" అన్నారు హెడ్మాస్టరు. మామ మైకు దగ్గరికి లాక్కుని కథ సాగించాడు. నాకు మాత్రం ఆ దొంగంటే మొదటిసారి భయమేసింది. మా వీధిలోవాడిలాగే ఉన్నాడు.

తర్వాత ముసలి ఏనుగు వచ్చింది. తప్పిపోయిన పిల్లాణ్ణి తొండంతో దగ్గరికి తీసుకుంది. "అరె బేటా, ఏడవకు. జర అన్నం తిన్నావా? నేను ఉన్నా గదా!"

హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చీకట్లో అబిదా చెయ్యి వెతికి పట్టుకున్నాను. అది విడిపించుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం అత్త గేటు దగ్గరికి వచ్చింది. రమ్మన్నది అబిదాయే. చిన్న తరగతుల పిల్లలు చుట్టూ మూగి, "అత్తా, ఏనుగులాగా మాట్లాడవా!" అని ఒకటే గోల.

అత్త కొంగు బిగించింది. "ఏనుగా? నన్ను ఏనుగుని చేసిండా? ఇంటికి రానీ, చెప్తా!"

అని, క్యారియరు పై గిన్నెలోంచి, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీదా ముద్ద ఒకటి తీసి నా ముందుకు చాచింది. "నువ్వు తిన్నావా బేటీ?"

అప్పుడే ఇంటికెళ్లి కడుపునిండా తినొచ్చాను. "లేదత్తా" అన్నాను.