మైకులో మారుమోగిన పేరు

తప్పు నాదే. బోనాల రోజు మధ్యాహ్నం డానియేలన్న చాయ్‌కి వెళ్లగానే అతని ఆంప్లిఫయర్ దగ్గర కూర్చుని, మైకులో గొంతుని మారుమోగించే ఎకో నాబ్‌ని చివరిదాకా తిప్పాను. దాని మీది ప్లాస్టిక్ టోపీ ఊడదీసి, గీత సున్నా దగ్గర కనబడేలా మళ్లీ తొడిగాను. ఉత్సవ కమిటీ జగదీశ్వర్ ఉపన్యాసం దయ్యం మాట్లాడినట్టు వినిపిస్తే నవ్వుకుందామని.

డానియేలన్నది ఛత్రినాకలో ఇరవై ఏళ్ల మైక్‌సెట్. ఆదివారం చర్చిలో, ఆషాఢంలో అమ్మవారి గుడి ముందు, అదే పెట్టె, అవే హారన్ స్పీకర్లు. అన్నీ కట్టాక భార్య స్వీటీ మైకులో పేపరు చదువుతుంటే, తను గల్లీ చివరి హారన్ కింద నిలబడి వింటాడు. ఒక్క మాట తెలియకపోయినా మళ్లీ నిచ్చెన ఎక్కుతాడు. "బస్తీ మొత్తం మారుమోగిందన్నా" అని ఎవరైనా మెచ్చుకుంటే మొహం చిట్లిస్తాడు.

"డప్పు మారుమోగాలె, పాట మారుమోగాలె. మాట మారుమోగితే ఖరాబైనట్టే. మాట ముట్టాలె," అంటాడు.

చాదస్తం అనుకునేవాణ్ని.

డానియేలన్న తిరిగొచ్చాక, జగదీశ్వర్ మైకు అందుకోకముందే కీర్తిప్రియ పరుగెత్తుకొచ్చింది. ఆమె ఐదేళ్ల కూతురు సోనీ గుంపులో తప్పిపోయింది.

"సోనీ, మీ అమ్మ గుడికాడున్నది. ఏడున్నవో ఆడనే ఉండు బిడ్డా," అన్నాడు డానియేలన్న.

హారన్లలోంచి ఒకదాని మీద ఒకటి పడ్డ అరుపులొచ్చాయి. నాబ్ చూశాడు, సున్నా. తీగలు లాగి చూశాడు. ఆగలేక ఆమే మైకు లాక్కుని పిలిచింది. తల్లి గొంతు గల్లీలన్నీ మారుమోగింది. పిలిచిన పేరేమిటో మాత్రం ఎవరికీ తెలియలేదు.

నోరు విప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

"టోపీ నేనే మార్చిన అన్నా."

అతను నా వైపు చూడలేదు. నాబ్ వెనక్కి తిప్పి మళ్లీ పిలిచాడు. కాసేపటికి గాజుల దుకాణం మున్నా పిల్లనెత్తుకుని వచ్చాడు. శాలిబండ రోడ్డు దాకా పోయిందట.

"ఇందాక గూడ ఏదో లొల్లి ఇనొచ్చింది భాయ్, సమజ్ కాలే. ఇప్పుడే పేరు సాఫ్‌గ ఇనొచ్చింది," అన్నాడు. "పిల్ల ఆ మోతకే బెదిరి ఉరుకుతున్నది. బస్సులొస్తున్నయ్, నేనే పట్టుకున్న."

కీర్తిప్రియ పిల్లని గుండెకు అదుముకుని గుడి మెట్ల మీద కూలబడింది.

"మాఫ్ చెయ్యన్నా," అన్నాను. "మస్తు తప్పయింది."

డానియేలన్న అప్పుడు తలెత్తాడు.

"నాకెందుకు చెప్తున్నవ్‌రా? పోయి ఆ తల్లికి చెప్పు. మైకు లేకుండ, మొహం మీద."